ప్రధానపుటుంగరము – పాత రవ్వ

పెండ్లికి ముందు జరుగు ప్రధానమునాడు వధువు వ్రేలికి తొడుగు ఉంగరమున మన యిండ్లలో రాయికన్న బంగారమునకే మన్నన. కోలారు గనుల చెంత కాపురమున్న వారికి ఆ మమకారము సహజమే. 1880లో జాన్ టేలర్ కంపెనీ వారు చేపట్టిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి.

బంగారమును కరగించి మరల పోయవచ్చును. వజ్రమునుండి అరిగినది మరల రాదు. ఇటీవల మా బంధువులు అవ్వగారి బేసరి రవ్వతో కోడలికి ఉంగరము చేయింపదలచిరి. ఆ రవ్వ ఒకవైపు ఉబ్బి, ఒకవైపు పలుచనై, బాదముగింజవలె నుండెను. గుండ్రముగా సానబట్టింపుడని కొందరనిరి. మేము వలదంటిమి.

తెలుగునాట కృష్ణాతీరపు కొల్లూరు గనిలో దొరకిన మహామొగలు వజ్రము మాట తలచుకొనుడు. 1665లో ఔరంగజేబు కొలువున దానిని చూచిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, ముడిరాయి 787 కారట్లకు మించినదని వ్రాసినాడు. వెనీసు వాడగు హొర్టెన్సియో బోర్జియో అరగదీయగా మిగిలినది సుమారు 280. కోడిగ్రుడ్డును సగమునకు కోసినట్లున్నదట. కూలికి మారుగా బోర్జియోకు 10,000 రూపాయల జుల్మానా పడినది! కోహినూరు సయితము 1852లో లండనులో 186 కారట్లనుండి 105కు దిగినది. మన పాత సానవారు రాతి సహజరూపమును అనుసరించి, బరువు పోనీయక పలకలు తీర్చెడివారు. కనుకనే పాతరవ్వలు ఒకదానివలె నొకటి యుండవు.

కంసాలి రాయిని ముట్టలేదు. మైనముతో అచ్చు తీసి, బంగారు గూటిని ఆ వంకరకే మలచి, పలుచని అంచువైపు గట్టు ఎత్తి పెట్టినాడు. ఉంగరము పిల్ల వ్రేలికి కొంచెము వదులైనది. ఆ పూటకు దారము చుట్టి తొడిగించితిమి.