పులిరాజాకు వచ్చిన తరువాత

మీలో నలభై దాటినవారికి పులిరాజా గుర్తుండే ఉంటాడు. రెండు దశాబ్దాల క్రితం ఉమ్మడి రాష్ట్రంలో ఎక్కడ చూసినా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న ప్రశ్నే. సూర్యాపేట నుండి జనగామ వెళ్ళే దారిలోని తిరుమలగిరి వంటి ఊళ్ళలోనూ ఆ పేరు ఎరుగనివారు అరుదు. వచ్చిన తరువాత అతడు ఎలా బ్రతకాలో, భార్యతో ఎలా మెలగాలో మాత్రం ఆ ప్రచారం చెప్పలేదు. నిజం చెప్పాలంటే మా వైద్యులమూ చెప్పలేదు.

మన దేశంలో హెచ్.ఐ.వి. తొలిసారి 1986లో మద్రాసులో బయటపడింది. ప్రభుత్వం ఉచితంగా మందులివ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. నాటి మందులలో స్టావుడిన్ ఒకటి. ప్రాణం నిలిపింది, కాని కొందరికి బుగ్గలు లోపలికి పీక్కుపోయేవి. దాచుకున్న జబ్బును ముఖమే చాటేది. అందుకే పొరుగువారి కంటబడకుండా దూరపు కేంద్రానికి పోయి మందు తెచ్చుకున్న మగవారున్నారు.

ఇక దాంపత్యం. కోరిక తగ్గడం, అంగస్తంభన లోపం ఈ రోగులలో తరచుగా కనిపించేవే. టెస్టోస్టిరాన్ తగ్గడం ఒక కారణం, మానసిక కుంగుబాటు మరొకటి. వీటన్నిటికన్నా భార్యకు అంటిస్తానేమోనన్న భయం పెద్దది. మన ప్రాంతపు మగవాడు ఇదంతా విప్పి చెప్పడు. “పానం మంచిగ లేదు సారూ” అని ఊరుకుంటాడు. మేము బలం మాత్రలు రాసి పంపేవాళ్ళం!

న్యాయస్థానమూ తడబడింది. ఆసుపత్రి తన సంగతి బయటపెట్టడంతో పెళ్ళి ఆగిపోయిన ఒక వైద్యుని వ్యాజ్యంలో, ఇటువంటివారి వివాహ హక్కు నిలిచిపోతుందని 1998లో సుప్రీంకోర్టు అన్నది. ఆ మాటను 2002లో సవరించుకున్నది. రోగి వివరాల గోప్యతకు చట్టం 2017లో గాని రాలేదు.

అసలు ఊరట 2011లో వచ్చింది. మన దేశంతో సహా తొమ్మిది దేశాలలో 1,763 జంటలపై జరిగిన పరిశోధనలో, ముందుగానే మందులు మొదలుపెడితే భాగస్వామికి సోకడం 96 శాతం తగ్గింది. మందులు క్రమంగా వాడి, రక్తంలో వైరస్ కొలతకు అందనంత తగ్గి అలాగే నిలిచి ఉంటే, లైంగికంగా అది ఇతరులకు సోకదని తరువాతి పరిశోధనలు తేల్చాయి. భార్య ప్రక్కన పడుకోవడానికి జంకే మనిషికి ఈ ఒక్క సంగతి ఎంత అవసరమో ఆలోచించండి.

వైరల్ లోడ్ పరీక్ష ఎ.ఆర్.టి. కేంద్రం ద్వారా ఉచితంగా జరుగుతుంది, అడగండి. లైంగిక సమస్య ఉంటే అక్కడి వైద్యునికే చెప్పండి. మెడికల్ షాపులో సిల్డెనాఫిల్ కొని సొంతంగా వేసుకోకండి. మీ మందులలో రిటోనవిర్ ఉంటే రక్తంలో దాని మోతాదు ఎన్నో రెట్లు పెరిగి, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోవచ్చు.