నవ్వు ఎవరి సొత్తు? బబ్బన్ ఖాన్ నాటక జీవితం

హైదరాబాదులో ఒక మనిషి ఒకే నాటకాన్ని 36 ఏళ్ళు ఆడాడు. తనే రాశాడు, తనే దర్శకత్వం వహించాడు, ముఖ్య వేషమూ తనే కట్టాడు. ఆయన పేరు బబ్బన్ ఖాన్. నాటకం పేరు ‘అద్రక్ కే పంజే’. 1965లో తెర లేచింది, 2001లో దిగింది. మధ్యలో దేశవిదేశాల్లో 10,000కు పైగా ప్రదర్శనలు జరిగాయి. లెక్క వేస్తే ఏడాదికి 280 దాకా. గిన్నిస్ పుస్తకం కూడా దీన్ని గుర్తించింది. మన నాటకరంగం మీద మాట్లాడుకునేటప్పుడు మాత్రం ఈ పేరు అరుదుగా వినిపిస్తుంది. ఉర్దూ వాళ్ళ వ్యవహారం కదా అని పక్కన పెట్టేస్తాం.

పక్కన పెట్టడానికి అదేమైనా పరాయి భాషా? బబ్బన్ ఖాన్ నాటకం ఆడింది దక్కనీలో. ఢిల్లీ, లక్నో పండితులు ముఖం చిట్లించుకునే భాష అది. ‘వద్దు’ అనడానికి మరాఠీ నుంచి ‘నక్కో’ తెచ్చుకుంది. ‘కో’ అనాల్సిన చోట మన తెలుగులాగే ‘కు’ అంటుంది. ‘వస్తానని చెప్పాడు’ అనే వాక్యాన్ని దక్కనీలో ‘ఆతూఁ బోల్కే బోలా’ అంటారు. మన ‘అని’ చేసే పనే అక్కడ ‘బోల్కే’ చేస్తుంది. వాక్యం నడక మనది, మాటలు వాళ్ళవి. హైదరాబాదు సంగతి అలా ఉంచండి. ఇటు తిరువూరు ప్రాంతంలో, పెనుగొలను లాంటి పల్లెల్లో కూడా సాయిబుల ఇళ్ళలో వినిపించేది పుస్తకాల ఉర్దూ కాదు. తెలుగు గాలి పీల్చి బతికిన ఉర్దూ. ఉర్దూ పండితుడికి అది మోటు, తెలుగు పండితుడికి అది తురక మాట. రెండు వైపులా వెలివేసిన ఆ భాషను బబ్బన్ ఖాన్ టికెట్టు పెట్టి వినిపించాడు. జనం డబ్బిచ్చి విన్నారు.

ఇది చిన్న సంగతి కాదు. 1929లో తెనాలిలో పుట్టిన ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలుకొని మన ఆధునిక నాటకం చాలావరకు పోటీల మీద, బహుమతుల మీద బతికింది. పరిషత్తుల్లో మెప్పు పొందిన ఎన్నో మంచి నాటకాలు ఆ సీజను దాటలేదు. సురభి వాళ్ళలా టికెట్టు డబ్బుతో బతికిన నాటకాలు తక్కువ. బబ్బన్ ఖాన్ ఆ తక్కువవాళ్ళలో ఒకడు. న్యాయనిర్ణేతలు లేరు, ప్రేక్షకుడే ఉన్నాడు. నవ్వకపోతే మర్నాడు ఆట లేదు.

ఇంతకీ జనం నవ్వింది దేనికి? చాలీచాలని సంపాదన, ఇంటి నిండా పిల్లలు, వాకిట్లో అప్పులవాళ్ళు. అల్లం కొమ్మును చేతిలోకి తీసుకుని చూడండి, పంజా వేళ్ళలా అన్ని వైపులా పిలకలు. నాటకం పేరులో ఉన్న బొమ్మ అదే. విషయం కుటుంబ నియంత్రణ. మన ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని 1952లోనే మొదలుపెట్టింది. 1965 నాటికి దేశంలో ఒక్కో తల్లికి సగటున ఆరుగురి దాకా పిల్లలు. అది హిందువుల ఇల్లు, ముస్లింల ఇల్లు అని తేడా లేని రోజులు. అందుకే హాల్లో కూర్చున్న ప్రతివాడికీ వేదిక మీద తన ఇల్లే కనబడింది. పేదవాడు తన పేదరికాన్ని చూసి తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వులో మతం లేదు.

నాటకం అదే, కాలం అదే కాదు. ఎమర్జెన్సీ వచ్చింది. 1976–77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు చేశారు. 1976 ఏప్రిల్‌లో ఢిల్లీ తుర్క్‌మన్ గేటు దగ్గర ఇళ్ళు కూల్చి, ఎదురు తిరిగినవాళ్ళ మీద కాల్పులు జరిపారు. కుటుంబ నియంత్రణ అనే మాటకు భయం అంటుకుంది. తర్వాత 1990 డిసెంబరులో హైదరాబాదు రక్తం కక్కింది. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలింది. అప్పటికి ‘పిల్లల్ని కంటూ పోతారు’ అనే మాట ఒక్క జాతి మీద వేసే నింద అయిపోయింది. 2002లో గుజరాత్ ఎన్నికల యాత్రలో ‘హమ్ పాంచ్, హమారే పచ్చీస్’ అని వేదిక మీద నుంచే ఎగతాళి చేస్తే జనం నవ్వారు.

అదీ నవ్వే, ఇదీ నవ్వే. కానీ నవ్వించినవాడు మారాడు. తన ఇంటి గోడు తను చెప్పుకుని నవ్వించడం హాస్యం. అదే గోడును పక్కవాడు నేరంగా చదివి వినిపించడం అవమానం. బబ్బన్ ఖాన్ రంగం విడిచిన మరుసటి ఏడాదే ఈ రెండో నవ్వు వేదికెక్కింది. అది కాకతాళీయమే కావచ్చు, గుర్తుంచుకోవలసిన కాకతాళీయం.

నింద వేసినవాళ్ళు లెక్కలు చూడరు. మనం చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992–93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు, 2019–21 నాటికి 2.36. అదే కాలంలో హిందూ స్త్రీల సగటు 3.3 నుంచి 1.94కు దిగింది. తేడా సగానికి పైగా తగ్గింది. తగ్గించింది తిట్లు కావు. చదువు, బతుకుతెరువు, ఆసుపత్రి. ఇంకో విచిత్రం. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదని 1994లో తెచ్చిన నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. పిల్లలు తగ్గిపోతున్నారు, ఇంకా కనండి అంటున్నారు పెద్దలు. అల్లం కొమ్ము ఇప్పుడు ముద్దొస్తోంది!

మా వాళ్ళలోనూ కొందరికి ఈ నాటకమంటే మొహమాటం ఉంది. మన బీదతనాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశాడని వాళ్ళ బాధ. తెలుగు సినిమాల్లో విరిగిన తెలుగు మాట్లాడే సాయిబును చూసి చూసి విసిగినవాళ్ళకు ఆ బాధ రావడం సహజమే. కానీ ఆ సాయిబు మాటలు ఎవరో రాసినవి. బబ్బన్ ఖాన్ మాటలు తనే రాసుకున్నవి. ఈ తేడాను వదులుకుంటే మనకు మిగిలేది మౌనమే. ఒక జాతిని మూగదాన్ని చేయడానికి నిషేధాలే అక్కర్లేదు, తన మీద తను నవ్వుకోవడానికి భయపడేటట్టు చేస్తే చాలు.

కాబట్టి తెలుగు నాటక చరిత్ర రాసేవాళ్ళను అడిగేది ఒక్కటే. సురభిని రాశారు, ప్రజా నాట్యమండలిని రాశారు. ఈ నేల మీద, ఈ నేల నడకున్న భాషలో, ఈ జనం టికెట్టు డబ్బుతో 36 ఏళ్ళు నిలిచిన నాటకానికి కూడా ఒక అధ్యాయం రాయండి. మాకు దయ అక్కర్లేదు, లెక్క సరిచేయండి చాలు.