ముద్రణ చిత్రకళ

ముద్రణ చిత్రకళ లేదా ప్రింట్‌మేకింగ్ అనగా చెక్క, లోహపు రేకు, రాయి వంటి ఫలకంపై కళాకారుడు బొమ్మను సిద్ధం చేసి, సిరా పూసి, కాగితంపై అచ్చు తీసే కళ. ఇళ్ళలో కనిపించే రవివర్మ దేవతల పటాలు తైలవర్ణ చిత్రాలకు నకళ్ళు. అవి ఈ కోవలోకి రావు. ఇక్కడ అచ్చు పడేవరకు చిత్రమే లేదు కనుక ప్రతి అచ్చూ మూలచిత్రమే. అడుగున పెన్సిలుతో 7/50 అని ఉంటే అది 50 అచ్చులలో 7వది అని అర్థం.

పద్ధతులు

ఉబ్బెత్తు ముద్రణలో అక్కరలేని భాగాన్ని చెక్కివేయగా మిగిలిన ఎత్తు భాగానికి సిరా అంటుతుంది. పెడన కలంకారీలో వాడే టేకు అచ్చులది ఇదే సూత్రం. లోతు ముద్రణ దీనికి తారుమారు. రాగి లేదా జింకు రేకుపై మైనపు పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచితే గీసినచోట లోహం కరిగి గాడి పడుతుంది. గాళ్ళలో సిరా నింపి, పైభాగాన్ని తుడిచి, తడిపిన కాగితం పరచి యంత్రంలో గట్టిగా నొక్కుతారు. శిలాముద్రణకు ఆధారం జిడ్డు, నీరు కలవకపోవడం. ఈ మూడింటిలోనూ బొమ్మ అద్దంలోవలె తిరగబడుతుంది. అక్షరాలు చెక్కేటపుడు విద్యార్థులు పొరపడేది ఇక్కడే. తెరముద్రణలో ఈ చిక్కు లేదు.

కృష్ణారెడ్డి కృషి

రంగుల అచ్చుకు సాధారణంగా ఒక్కో రంగుకు ఒక్కో ఫలకం కావాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా బొమ్మ చెడుతుంది. ఈ చిక్కును తీర్చినవారిలో ముఖ్యుడు చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో జన్మించిన కృష్ణారెడ్డి. శాంతినికేతనంలో నందలాల్ బోస్ వద్ద చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన అటెల్యే 17 అనే ముద్రణశాలలో చేరాడు. అక్కడ కైకో మోతీతో కలిసి విస్కాసిటీ పద్ధతిని రూపొందించాడు.

ఇందులో ఒకే రేకును వేర్వేరు లోతులలో మలుస్తారు. మొదట గాళ్ళలో చిక్కని సిరా నింపి తుడుస్తారు. తరువాత అవిసెనూనె ఎక్కువగా కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో దొర్లిస్తే అది ఎత్తు భాగాలకే అంటుతుంది. నూనె తక్కువైన చిక్కని మరొక రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే పల్లపు భాగాలకు చేరుతుంది. జిడ్డుగా ఉన్న పలుచని సిరాపై మాత్రం అంటదు. రంగులు కలిసిపోకుండా, ఒక్క నొక్కుతో బహువర్ణ చిత్రం వస్తుంది. చెప్పినంత సులువు కాదు. నూనె పాలు కొద్దిగా మారితే రంగులు కలగాపులగమవుతాయి.

కృష్ణారెడ్డి శిల్పి కూడా. అందువలన రేకును శిల్పంలాగే మలిచాడు. సుడిగుండం (1963) ఆయన ప్రసిద్ధ చిత్రాలలో ఒకటి. 1972లో పద్మశ్రీ పొందాడు. 2018లో న్యూయార్కులో మరణించాడు. లోతు ముద్రణలో పేరుపొందిన మరొక తెలుగు చిత్రకారుడు మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్.