కుక్కల చిట్టా - స్వరాజ్యం

స్వాతంత్ర్యం వచ్చిన దేశం మొదట చేసే పనులు మనకు తెలిసినవే. జెండా మారుతుంది, నాణేల మీద బొమ్మ మారుతుంది, తపాలాబిళ్ళ మారుతుంది. ఐర్లండు వీటితోపాటు మరొక పని కూడా చేసింది. తన కుక్కల వంశావళి రాసే అధికారాన్ని లండను చేతిలోనుంచి తీసుకుంది. వినడానికి ఇది చిల్లర విషయంలాగే ఉంటుంది. కానీ ఒక జాతిని "ఇది ఉన్నది" అని రాసే కలం ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్న ఇందులో ఉంది. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

కుక్కల ప్రదర్శనలు ఇంగ్లండులో 1859లో న్యూకాసిల్ పట్టణంలో మొదలయ్యాయి. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. దాన్ని స్థాపించిన సెవాలిస్ షర్లీ అప్పటికి ఐర్లండులోని మోనహన్ కౌంటీ నుంచి పార్లమెంటు సభ్యుడు, అక్కడి పెద్ద భూస్వామ్య కుటుంబానికి చెందినవాడు. క్లబ్బు చేసే పని పైకి చాలా సాదాగా కనిపిస్తుంది. కుక్క పేరు, తల్లి, తండ్రి, పుట్టిన తేదీ చిట్టాలో రాసుకోవడం. ఫలానా జాతి కుక్కకు చెవి ఇలా, తోక ఇలా ఉండాలని లక్షణాలు నిర్ణయించడం. ప్రదర్శనలకు అనుమతి ఇవ్వడం. అయితే చిట్టాకెక్కని జాతికి ప్రదర్శనలో చోటు లేదు, బయట విలువా లేదు. డబ్లిన్‌లో ప్రదర్శన పెట్టాలన్నా లండను అనుమతి కావలసిందే.

ఐర్లండు కుక్క అనగానే లోకానికి గుర్తుకొచ్చేది వుల్ఫ్‌హౌండు, తోడేళ్ళను వేటాడే ఆజానుబాహువైన జాగిలం. నాలుగో శతాబ్దం చివర రోమను ప్రముఖుడు సిమ్మాకస్, తనకు అందిన ఏడు ఐరిష్ కుక్కలను రోము నగరమంతా విస్తుపోయి చూసిందని ఉత్తరంలో రాసుకున్నాడు. తరువాతి కాలంలో ఇవి రాజులకు కానుకలుగా దేశాలు దాటాయి. ఎంతగా దాటాయంటే, తోడేళ్ళను అదుపు చేయడానికి కుక్కలు మిగలవేమోనని 1652లో క్రామ్‌వెల్ ప్రభుత్వం వాటి ఎగుమతినే నిషేధించింది. 1786 ప్రాంతంలో ఆ దేశపు చివరి తోడేలును చంపారని చెబుతారు. తోడేలు పోయాక దాన్ని వేటాడే కుక్కకు పని పోయింది. పనితోపాటు జాతీ దాదాపుగా పోయింది.

దాన్ని మళ్ళీ నిలబెట్టినవాడు ఐరిష్ మనిషి కాదు. జార్జ్ ఆగస్టస్ గ్రాహం స్కాట్లండు సంతతివాడు, సైన్యంలో కెప్టెనుగా పనిచేసినవాడు, ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో స్థిరపడ్డాడు. 1860లలో మొదలుపెట్టి, మిగిలిన కొద్దిపాటి ఐరిష్ రక్తానికి స్కాట్లండు డీర్‌హౌండును, గ్రేట్ డేన్‌ను, రష్యా బోర్జోయ్‌ని కలిపి ఆ రూపాన్ని తిరిగి తెచ్చాడు. 1885లో ఆ జాతికి ఒక సంఘం పెట్టి లక్షణాలు రాయించాడు. ఇది పునరుద్ధరణా, పునఃసృష్టా అన్న వాదన ఆనాడే ఉండేది. శిథిలమైన గుడిని కొత్త రాళ్ళతో తిరిగి కట్టినప్పుడు వచ్చే వాదన వంటిదే ఇది.

ఈలోగా ఐర్లండు పల్లెల్లో వేరే కుక్కలు తమ పని తాము చేసుకుంటున్నాయి. అవి టెరియర్లు. లాటిన్‌లో నేల అని అర్థమిచ్చే మాటనుంచి ఆ పేరు వచ్చింది. నేల బొరియల్లోకి చొరబడే కుక్కలు కదా. ఎలుకలను పట్టడం, పశువులను మళ్ళించడం, ఇంటికి కాపలా ఉండడం, నక్కనూ బ్యాడ్జరునూ బొరియలోనే ఎదుర్కోవడం వీటి కొలువు. గోధుమ వన్నె మెత్తని బొచ్చుది ఒకటి, వీటన్ టెరియర్. విక్లో కొండల్లోని ఇమాల్ లోయలో పొట్టి కాళ్ళది ఒకటి. కెర్రీ ప్రాంతంలో పుట్టినప్పుడు నల్లగా ఉండి, పెరిగే కొద్దీ నీలిబూడిద వన్నెకు తిరిగేది ఇంకొకటి, కెర్రీ బ్లూ. ఇవి కౌలు రైతుల కుక్కలు. వీటికి వంశవృక్షం రాసినవారు లేరు. రాయకపోయినా ఇవి పోలేదు, పని ఉంది గనుక.

ఇక 1916 నాటి డబ్లిన్. అది మనకు పూర్తిగా పరాయి ఊరు కాదు. మన వి.వి. గిరి అక్కడ న్యాయశాస్త్రం చదువుతూ, ఆ ఏటి ఈస్టర్ తిరుగుబాటు తరువాత దేశం విడిచి రావలసి వచ్చింది. ఆ తిరుగుబాటులో పాల్గొని జైలుకు వెళ్ళొచ్చిన మైకేల్ కాలిన్స్ తరువాత స్వాతంత్ర్య యుద్ధానికి రహస్య సూత్రధారి అయ్యాడు. అతనికి కెర్రీ బ్లూ కుక్కలంటే ప్రాణం. 1920 అక్టోబరులో, యుద్ధం నడిమధ్యన, కొందరు లండను అనుమతి తీసుకోకుండానే డబ్లిన్‌లో కెర్రీ బ్లూల ప్రదర్శన పెట్టారు. పోలీసులు గాలిస్తున్న కాలిన్స్ కుక్క కూడా అందులో పోటీ పడిందని చెబుతారు. దాని పేరు "కాన్విక్ట్ 224", అంటే 224వ నంబరు ఖైదీ! బ్రిటిషు అధికారులూ తిరుగుబాటుదారులూ అదే కొట్టంలో కుక్కలు పట్టుకుని నిలబడ్డారని ఐరిష్ వాళ్ళు నేటికీ చెప్పుకుంటారు.

1921 డిసెంబరులో సంధి కుదిరింది. 1922 జనవరిలో బ్రిటిషు పాలనకు ఆయువుపట్టయిన డబ్లిన్ కోటను కాలిన్స్ స్వాధీనం చేసుకున్నాడు. సరిగ్గా అదే నెలలో ఐరిష్ కెన్నెల్ క్లబ్ ప్రారంభమైంది. దేశపు పండుగైన సెయింట్ పాట్రిక్ దినాన, మార్చి 17న, తొలి ప్రదర్శన జరిపింది. ఆగస్టులో అంతర్యుద్ధపు తూటాకు కాలిన్స్ బలయ్యాడు. కెర్రీ బ్లూను జాతీయ కుక్కగా చూడాలన్న అతని కోరిక తీరనేలేదు. 1928లో, కవి యేట్స్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఎంపిక చేసిన కొత్త నాణేలు వెలువడినప్పుడు, ఆరుపెన్నీల బిళ్ళ మీదికి ఎక్కింది వుల్ఫ్‌హౌండే.

నాణెం మీద పురాణం కూర్చుంది సరే. క్లబ్బు చిట్టా మాత్రం నెమ్మదిగా పల్లెవైపు తెరుచుకుంది. 1934లో ఇమాల్ లోయ టెరియర్‌కు, 1937 సెయింట్ పాట్రిక్ దినాన వీటన్ టెరియర్‌కు గుర్తింపు వచ్చింది. లండను క్లబ్బు వీటన్‌ను గుర్తించింది 1943లో. అమెరికా క్లబ్బు ఇమాల్ టెరియర్‌ను గుర్తించేసరికి 2004 అయింది. ఎంత ఆలస్యమో చూడండి! సొంత చిట్టా లేకపోతే ఆ కుక్కలు ఎవరి దయకోసం ఎన్నేళ్ళు ఎదురుచూసేవో.

నాకు మరింత నచ్చిన విషయం ఇంకొకటుంది. ఈ టెరియర్లు అందంతో మాత్రమే ఛాంపియన్లు కావడానికి వీల్లేదని నియమం పెట్టారు. బొరియలో పరీక్ష నెగ్గి "టెస్టాస్ మోర్" తెచ్చుకోవాలి. ఐరిష్ భాషలో పెద్ద యోగ్యతాపత్రం అని అర్థం. ఇమాల్ టెరియర్ బొరియలో మొరిగితే పరీక్ష పోయినట్టే. బ్యాడ్జరును అలా హింసించడం క్రూరమేనని నేనూ ఒప్పుకుంటాను. 1960లలో ఆ పరీక్షలు ఆగిపోవడం మంచిదే. అయినా వాటి వెనుక ఉన్న ఆలోచన గట్టిది: రూపాన్ని రాసుకుని పనిని మరిచిపోతే చిట్టాలో మిగిలేది బొమ్మే. వుల్ఫ్‌హౌండు కథ ఈ పాఠాన్ని ముందే చెప్పింది.

అలాగని చిట్టాయే సర్వం అనీ అనలేము. ఎర్రమచ్చల తెల్ల సెట్టరును నిగనిగలాడే ఎర్ర సెట్టరు మోజు దాదాపు తుడిచిపెట్టింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత కౌంటీ డౌన్‌లో రెవరెండ్ నోబుల్ హ్యూస్టన్ వంటివారు పట్టుదలగా పెంచబట్టే అది మిగిలింది. 1944 నాటికి దానికంటూ ఒక సంఘం ఏర్పడింది. ముందు మనిషి పూనుకోవాలి, పుస్తకం తరువాత వస్తుంది.

ఇదంతా చదువుతున్నంతసేపూ నా మనసు కొల్లేటి గట్ల మీదే ఉంది. 2005 జనవరిలో మన తపాలాశాఖ నాలుగు దేశవాళీ కుక్కలకు బిళ్ళలు వేసింది: హిమాలయ షీప్‌డాగ్, రాంపూర్, ముధోల్, రాజపాళయం. మన జోనంగి అందులో లేదు. పొట్టి బొచ్చుతో, ఒళ్ళంతా నునుపుగా, నేలలో గొయ్యి తవ్వుకుని పడుకునే కుక్క. మొరగడానికి బదులు రాగం తీస్తుందని పేరు. కృష్ణా గోదావరుల నడుమ బాతుల మందలను కాసిన కుక్క. దానికి బిళ్ళ రాలేదన్నది పెద్ద లోటు కాదు. బాతుల మందలు తగ్గి, చెరువులు పెరిగి, దాని పని పోతున్నదన్నదే నా దిగులు. ఆ ప్రాంతపు మిత్రులెవరైనా మీ ఊళ్ళో జోనంగిని చూసివుంటే, అది ఎవరింట ఉన్నదో, ఏం పని చేస్తున్నదో ఇక్కడ రాయండి. మన చిట్టాకు అదే మొదటి పద్దు అవుతుంది.