రసమట్టానికి పెట్టె ఎందుకు?

భిలాయిలో ఏటా సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ చేస్తారు. కర్మాగారాల్లో, చిన్న వర్క్‌షాపుల్లో పనిముట్లకు కుంకుమబొట్లు పెట్టి హారతి ఇస్తారు. రంపం, ఉలి, సుత్తి వరసలో రసమట్టం కూడా ఉంటుంది. అయితే సుత్తికి లేని పెట్టె మంచి రసమట్టానికి ఉంటుంది. ఎందుకని?

జవాబు చరిత్రలో ఉంది. ప్రాచీన ఈజిప్టు పనివాళ్ళు ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఆకారపు చెక్కచట్రానికి గుండు వేలాడదీసి మట్టం చూసేవారు. సెన్నెజెమ్ అనే పనివాడి సమాధిలో 1886లో అలాంటిది దొరికింది. 1661లో ఫ్రాన్సుకు చెందిన మెల్షిసెదెక్ తెవెనో గాజుగొట్టంలో ద్రవం నింపి, గాలిబుడగ వదిలిన మట్టాన్ని రూపొందించాడు. పేరులో రసం ఉంది కదా అని పాదరసం అనుకోకండి. సాధారణంగా వాడేది ఆల్కహాలు వంటి ద్రవం. అది నీటిలా తేలిగ్గా గడ్డకట్టదు.

గొట్టం లోపలి వంపులో ఎత్తైన చోటికి బుడగ చేరుతుంది. కాబట్టి ఆ వంపు, గొట్టం బిగింపు, అడుగుభాగం చదును, ఈ మూడింటిలోనే నిజమంతా ఉంది. ఒక్క దెబ్బ తగిలి బిగింపు కదిలినా పైకి ఏమీ కనపడదు. అందుకే పాత చెక్క రసమట్టాల కొసలకు ఇత్తడి రేకులు బిగించారు. యంత్రాలు బిగించేవారు వాడే, మీటరుకు 0.02 మిల్లీమీటరు తేడా పట్టే మట్టాలకు ఏకంగా చెక్కపెట్టెలే చేశారు. దెబ్బ, ఇనుపరజను, భిలాయి వేసవి ఎండ, అన్నిటికీ ఆ పెట్టే అడ్డు. ఎండకు ద్రవం వ్యాకోచిస్తే బుడగ చిన్నదవుతుంది.

సోవియట్ సహకారంతో కట్టిన ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇలాంటి ఊళ్ళో యంత్రం పునాదిపై వంకరగా కూర్చుంటే బేరింగులు అరిగిపోతాయి, పక్కన పనిచేసే మనిషికీ ప్రమాదమే.

మరి పెట్టెలో ఉన్నంత మాత్రాన రసమట్టం నిజం చెబుతుందా? రక్షణశాఖ లెక్కల విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ణి కనుక ఒకటి చెప్పగలను. స్టాకు పుస్తకంలో 'ఉంది' అని టిక్కు పెట్టడం వేరు, 'సరిగా ఉంది' అని తేల్చడం వేరు. పెట్టె కాపాడుతుంది గాని హామీ ఇవ్వదు. హారతి ఆ రెండూ చేయదు. పూజకు ముందు పనివాడు గుడ్డతో తుడుస్తాడే, పనికొచ్చేది అదే.

తేల్చే పద్ధతి చాలా సులువు. రసమట్టాన్ని బల్లపై పెట్టి బుడగ స్థానం గుర్తించండి. అదే చోట కొసలు మార్చి, అంటే కుడికొస ఎడమకు వచ్చేలా తిప్పి పెట్టండి. మీవైపు నుంచి చూస్తే బుడగ అదే స్థానంలో ఉంటే పనిముట్టు సరైనది. మారితే, ఆ తేడాలో సగం పనిముట్టు తప్పు. రెండు రీడింగుల సగటు బల్ల అసలు వాలు. మీటరుకు 1 మిల్లీమీటరు తప్పు చెప్పే మట్టాన్ని నమ్మితే 10 మీటర్ల గోడ వరసలో 1 సెంటీమీటరు తేడా వస్తుంది.

మిత్రులారా, ఈ పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు, గురువు అక్కర్లేదు. ఇంట్లో మట్టం ఉంటే ఈరోజే తిప్పి చూడండి. తిప్పి చూడనివ్వని నమ్మకం ఎంత అందమైన పెట్టెలో ఉన్నా దానిమీద గోడ కట్టకండి.