గెడ్డ తన దారి మరచిపోదు

2012లో మా అమ్మాయి విశాఖపట్నంలో ఫ్లాటు కొనుక్కుని, గృహప్రవేశానికి రమ్మని పిలిచింది. చీడికాడలో బస్సెక్కి, చోడవరంలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళేసరికి పొద్దువాలింది. వంటిల్లు చూపించడమే తరువాయి, కుళాయి తిప్పింది. నీళ్ళు ధారగా పడ్డాయి.

"చూశావా అమ్మా! చేంతాడూ లేదు, బొక్కెనా లేదు" అంది మురిసిపోతూ.

దోసిలి పట్టి తాగాను. "ఈ నీళ్ళెక్కడివే?" అన్నాను.

"ఎక్కడివేమిటి? కుళాయివి!" అంది.

నవ్వొచ్చింది నాకు. చీడికాడ పిల్ల ఆ మాట అనకూడదు. మా మండలంలోనే కోనాం దగ్గర బొడ్డేరుకి కట్టిన జలాశయం ఉంది. పక్కన దేవరాపల్లి మండలంలో శారదానదికి కట్టిన రైవాడ జలాశయం ఉంది. విశాఖ తాగే నీళ్ళల్లో రైవాడ వాటా కూడా ఉంది. అంటే నేను బస్సులో వచ్చాను, నీళ్ళు కాలువలో వచ్చాయి. పుట్టింటి సారె ఒకేసారి అందిందన్నమాట!

అసలు విశాఖకి సొంత నీళ్ళే లేవా అని మీరడగవచ్చు. ఎందుకు లేవు? పట్నానికి ఉత్తరాన కైలాసగిరి కొండలు, దక్షిణాన యారాడ కొండలు. ఆ కొండల మీద పడ్డ వాన చిన్న చిన్న గెడ్డలై కొంత సముద్రంలోకి, కొంత ఉప్పుటేటి బురదల్లోకి దిగేది. 1901 నాటికి అక్కడి జనం 40 వేల చిల్లర. బావులూ చెరువులూ ఉండేవి. కుళాయిలు వచ్చినప్పుడు సింహాచలం కొండల చాటునున్న ముడసర్లోవ నీళ్ళు తెచ్చుకున్నారు. ఆ జలాశయానికి ఇప్పుడు నూరేళ్ళు దాటాయి.

ఊరు పెరిగింది. 1933లో ఓడరేవు తెరిచారు. 1941లో ఓడల కార్ఖానాకి శంకుస్థాపన జరిగింది. 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1979లో మునిసిపాలిటీ కార్పొరేషనయింది. 2011 లెక్కల్లో జనం 17 లక్షలు దాటారు. దాహం కూడా పెరగాలి కదా! మేఘాద్రిగెడ్డ చాలలేదు. గోస్తని మీది తాటిపూడి చాలలేదు. మా రైవాడ వెళ్ళింది. ఏలేశ్వరం దగ్గరి ఏలేరు నుంచి దాదాపు 150 కిలోమీటర్ల కాలువ తవ్వారు. ఇంట్లో బావి పూడ్చేసి, వీధి చివరి నుంచి బిందెలు మోసుకునే ఇల్లాల్ని మనం ఏమంటాం? పట్నాన్ని మాత్రం అభివృద్ధి అంటాం.

గృహప్రవేశమైన మరుసటి ఏడు వానాకాలంలో మళ్ళీ వెళ్ళాను. రాత్రంతా కురిసింది. తెల్లారి చూస్తే మేడ కింద స్కూటర్లన్నీ సగానికి మునిగి ఉన్నాయి. మా అల్లుడు పంట్లాం మడిచి, చీపురు పట్టుకుని నిలబడ్డాడు. కట్టినవాళ్ళని తిట్టేవాళ్ళు కొందరు, కాలువలు తీయించనివాళ్ళని తిట్టేవాళ్ళు కొందరు. గిన్నెలు తోమే ముసలమ్మ మాత్రం చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, తాపీగా మెట్లెక్కి వచ్చింది.

"ఇది గెడ్డ దారమ్మా. నా సిన్నప్పుడు ఇక్కడ గేదెల్ని కడిగీవోలం. మీరు మేడ కట్టీసినారని గెడ్డ తన దారి మర్సిపోద్దేటి?" అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఆవేళ మధ్యాహ్నం పట్నంలో పేటల పేర్లు ఒక్కొక్కటే తలుచుకున్నాను. గాజువాక, హనుమంతవాక. వాక అంటే ఏరు. ఆరిలోవ, ముడసర్లోవ. లోవ అంటే కొండల నడుమ పల్లం. ఇక గెడ్డ మాట సరేసరి. నీళ్ళు పారేచోటు, నిలిచేచోటు మన పెద్దలు కాగితం మీద గీయలేదు. ఊరి పేరులో పెట్టి పోయారు. మనం ఆ పేర్లు బస్సుల బోర్డుల మీద రాసుకుని, అర్థం మాత్రం మరచిపోయాం. ఇప్పుడు పట్నంలో గెడ్డ అంటే మురిక్కాలువ అనే అర్థం!

కొండ మీద చెట్లుంటే వాన చినుకు ఆకు మీద పడి, వేరు పట్టుకుని నేలలో దిగుతుంది. చెరువుంటే కొంత ఆగుతుంది. బురదనేల దూది పరుపులా మరికొంత పీల్చుకుంటుంది. మిగిలింది గెడ్డలో నెమ్మదిగా పోతుంది. కొండని తొలిచి, చెరువుని చదును చేసి, వాకిళ్ళన్నీ సిమెంటు చేస్తే పడ్డ చుక్క పడ్డట్టే పరుగెత్తుతుంది. సరిగ్గా అప్పుడే సముద్రం పోటు మీదుంటే గెడ్డ మూతి మూసుకుపోయి నీళ్ళు వెనక్కి తన్నుతాయి. వానాకాలంలో వరద, వేసవిలో ఎండిన బోరు. రెండూ ఒక్క తల్లి పిల్లలే.

ఇసుక కథ కూడా ఇంతే. ఓడరేవు కోసం ఉప్పుటేటి బురదని తవ్వి, నోటి దగ్గర అడ్డుకట్ట వేశారు. తీరం వెంబడి ఉత్తరానికి నడిచే ఇసుక అక్కడ ఆగిపోయింది. రామకృష్ణా బీచిలో ఒడ్డు కోసుకుపోవడం మొదలైంది. అందుకని ఇసుక తోడి, అవతల పోయాల్సి వస్తోంది. ఓడరేవు వద్దనను. అది లేకపోతే విశాఖ విశాఖే కాదు. కానీ ఒకచోట ఆపితే ఇంకోచోట కొరత పడుతుందన్నది, పోపులడబ్బా చూసుకునే ఏ ఇల్లాలికైనా తెలుసు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీదే తీరం దాటింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, కరెంటుతో పాటు కుళాయీ పోయింది. చీడికాడలో మేం రెండు రోజులు అన్నం ముద్ద మింగలేదు. మూడోనాడు మావారు జీపు మాట్లాడి, క్యాన్లతో నీళ్ళు నింపుకుని, పడిపోయిన చెట్ల నడుమ దారి వెతుక్కుంటూ వెళ్ళారు. రోజూ కాలువలో వెళ్ళే నీళ్ళు ఆవేళ జీపెక్కాయి! తీరా చూస్తే ఆ వీధినంతటినీ ఆదుకున్నది ఓ పాత పెంకుటింటి బావి. చెత్తతో సగం పూడిన దాన్ని తలో చెయ్యీ వేసి శుభ్రం చేసుకుని, వరసలో నిలబడి తోడుకున్నారట.

"అమ్మా, చేంతాడు దొరక్క చీరలు కట్టి తోడాం" అంది మా అమ్మాయి. ఈసారి మురిసిపోలేదు.

ఆ తుపాను తరవాత విశాఖలో కరెంటు తీగల్ని భూమిలోకి దించే పని చేపట్టారు. 2016లో స్మార్ట్ సిటీల మొదటి జాబితాలో ఆ ఊరి పేరు వచ్చింది. ముడసర్లోవ నీళ్ళ మీద సౌరవిద్యుత్తు పలకలు తేలాయి. ఇవన్నీ మంచివే. కానీ తీగల్ని దాచినంత శ్రద్ధగా గెడ్డల్ని బయటికి తియ్యాలి కదా! 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు ఇళ్ళల్లోకి వచ్చి చెప్పింది ఇదే. కొరియాలో సియోల్ నగరం నడుమ చోంగ్గెచోన్ అనే వాగుని కప్పేసి, పైన వంతెన రోడ్డు వేసుకున్నారు. 2003లో ఆ రోడ్డు కూల్చడం మొదలెట్టి, 2005 నాటికి వాగుని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. ఇప్పుడు జనం సాయంత్రాలు దాని ఒడ్డున కూర్చుంటున్నారు. అక్కడ వేసవి వేడి కూడా తగ్గిందట.

ఇందులో నా బాధ ఇంకొకటుంది. రైవాడ నీళ్ళు సాగుకే ఉంచాలని మావైపు రైతులు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్నారు. వాళ్ళ చెరుకుతోటలు ఎండితే అనకాపల్లి బెల్లం ఎక్కణ్ణించి వస్తుంది? అలాగని కుళాయి కట్టేస్తే మా అమ్మాయి గొంతెండుతుంది. వీధిలో రైతు, పట్నంలో కూతురు. ఎవరి పక్షాన మాట్లాడను, మీరే చెప్పండి? నాకు తోచిందొకటే. పట్నం ముందు తన మేడ మీద పడ్డ వాన దాచుకోవాలి, తన చెరువులు కాపాడుకోవాలి. చాలనిదాన్ని మమ్మల్ని అడగాలి. అప్పుడు ఇవ్వనంటే తప్పు మాది.

మా అమ్మాయి వాళ్ళ మేడకీ ఓ ఇంకుడుగుంట ఉంది. రూలు కోసం తవ్వి, దానిమీద పలకరాయి పరిచి, స్కూటర్లు పెట్టుకున్నారు! "ముందు అది తెరిపించు" అన్నాను. మీటింగులు పెట్టారు, వాదించుకున్నారు. చివరికి ఆడవాళ్ళే నిలబడి రాయి తీయించారు. మేడ మీది గొట్టం ఆ గుంటలోకి కలిపారు. వరద ఆగిపోయిందని గొప్పలు చెప్పను. పైనున్న కొండా పక్కనున్న గెడ్డా బాగుపడందే అది ఆగదు. కానీ వేసవిలో బోరు ఇంకొన్నాళ్ళు ఎక్కువ పలుకుతోంది.

మొన్న సంక్రాంతికి మనవరాలు చీడికాడ వచ్చింది. కోనాం తీసుకెళ్ళి నీళ్ళు చూపించాను. "మీ ఇంటి నీళ్ళెక్కడివే?" అని అడిగాను వాళ్ళమ్మని అడిగినట్టే.

"శారదవి, గోస్తనివి, ఏలేరువి..." అని వేళ్ళ మీద లెక్కపెట్టి, ఓ క్షణం ఆలోచించి, "కొంచెం మా మేడ మీదవి" అంది.

దానికో అరిసె ఎక్కువ పెట్టాను.