ప్రయోగం ఖర్చు ఎవరు భరించారు?

కేతేపల్లిలో హైదరాబాద్–విజయవాడ రహదారి ఎక్కి పడమరకు సాగితే నకిరేకల్, నార్కట్‌పల్లి, చిట్యాల దాటాక చౌటుప్పల్ వస్తుంది. అక్కడ మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలున్నాయి. వాటిలో పేరున్న దివీస్ 1990లో పరిశోధన కేంద్రంగా పుట్టి, 1995లో చౌటుప్పల్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ చుట్టుపక్కలే కొయ్యలగూడెం, పుట్టపాక, పోచంపల్లి మగ్గాల ఊళ్లు. ఆ మగ్గాల దగ్గరి నొప్పి తీర్చిన యంత్రం కూడా ఈ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే, ఆలేరు పక్కన తయారైంది. రసాయనమైనా యంత్రమైనా, నిలబడే ముందు ఎన్నో ప్రయత్నాలు చెడిపోతాయి. చెడిపోయే ప్రయత్నానికి బ్యాంకు అప్పివ్వదు. తయారుకాని సరుకును ఎవరూ కొనరు. ఆ ఖర్చులో సర్కారు ఎప్పుడు, ఎవరితో, ఎంత పాలు పంచుకుందో చూస్తే మన పరిశ్రమల చరిత్ర కొత్తగా అర్థమవుతుంది.

ఈ కథ నిజాం కాలం నుంచి చెప్పుకోవాలి. 1929లో హైదరాబాద్ సంస్థానం పారిశ్రామిక ట్రస్టు నిధి ఏర్పాటు చేసింది. మూలధనం కోటి రూపాయలు. పెద్ద పరిశ్రమల వాటాలు కొనడం, చిన్న పరిశ్రమలకు అప్పులివ్వడం దాని పని. వరంగల్ ఆజం జాహీ మిల్లు, బోధన్ నిజాం చక్కెర ఫ్యాక్టరీ వెనుక ఉన్నది ఈ తరహా సర్కారు పెట్టుబడే. అయితే అది ఫ్యాక్టరీ కట్టడానికి పెట్టిన డబ్బు. చెరకు ఎక్కడైనా చక్కెరే అవుతుంది, మర ఎక్కడైనా నూలు వడుకుతుంది. అందులో తెలియనిది ఏమీ లేదు.

తెలియనిదాని కోసం సంస్థానం ఖర్చు పెట్టింది 1944లో. ఆ ఏడు హైదరాబాద్‌లో శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన కోసం కేంద్ర ప్రయోగశాల తెరిచారు. 1948 నుంచి దాన్ని నడిపిన సయ్యద్ హుస్సేన్ జహీర్ తర్వాత దేశం మొత్తం ప్రయోగశాలలు చూసే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్)కే అధిపతి అయ్యారు. 1956లో ప్రయోగశాల సీఎస్ఐఆర్ చేతికి వచ్చి ప్రాంతీయ పరిశోధనాలయం అయింది. జనం నోట ఆర్ఆర్ఎల్. 1989 నుంచి దాని పేరు ఐఐసీటీ. తార్నాక పక్కన ఉన్నది అదే.

స్వాతంత్ర్యం తర్వాత ముప్పై ఏళ్లకు పైగా ఢిల్లీ ఆలోచన ఒకటే: పరిశోధన సర్కారు ల్యాబుల్లో జరగాలి, కంపెనీలు ఫీజు కట్టి ఆ విద్య తీసుకెళ్లాలి. ఆ బదలాయింపు కోసమే 1953లో జాతీయ పరిశోధన అభివృద్ధి సంస్థ పెట్టారు. కంపెనీకి నేరుగా గ్రాంటు ఇవ్వడమన్నది అప్పటి ఆలోచనలో లేదు. అయినా నా లెక్కలో హైదరాబాద్ మందుల పరిశ్రమకు దక్కిన అతిపెద్ద గ్రాంటు ఆ రోజుల్లోదే. ఏ బడ్జెట్ పద్దులోనూ దాన్ని అలా రాయలేదు. సర్కారు జీతమిచ్చి పెంచిన రసాయన శాస్త్రవేత్తలే ఆ గ్రాంటు. బాలానగర్ వైపు ఐడీపీఎల్ ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఉండేది. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన కల్లం అంజిరెడ్డి పని నేర్చుకున్నది అక్కడే. ఆర్ఆర్ఎల్‌లో చెయ్యి తిరిగినవాళ్లు ఎందరో తర్వాత సొంత యూనిట్లు పెట్టారు. 1970 నాటి పేటెంటు చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చింది. దాంతో అదే మందును వేరే దారిలో చౌకగా చేయగల రసాయన శాస్త్రవేత్తకు గిరాకీ పెరిగింది. 1990ల మొదట్లో ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీ తయారీ పద్ధతిని ఏ.వి.రామారావు బృందం ఐఐసీటీలో రూపొందించి సిప్లాకు ఇచ్చింది. సర్కారు ల్యాబులో ప్రయోగం, ప్రైవేటు ఫ్యాక్టరీలో తయారీ: ఆ ఏర్పాటు ఫలితం అంటే ఇదీ.

1985లో ఢిల్లీలో పారిశ్రామిక పరిశోధనకు ప్రత్యేక శాఖ ఏర్పడింది. వాడుకలో డీఎస్ఐఆర్. మరుసటి ఏడు కొత్త సెస్సు చట్టం వచ్చింది. విదేశీ టెక్నాలజీ కొనే కంపెనీ చెల్లించే సొమ్ము మీద 5 శాతం వసూలు చేసి, స్వదేశీ టెక్నాలజీకి ఖర్చు పెట్టాలన్నది ఉద్దేశం. ఆ ఆలోచన మంచిది. అరువు తెచ్చుకునేవాడి దగ్గర తీసుకుని సొంతంగా చేసేవాడికి ఇవ్వడం న్యాయంగానే ఉంది. ఆ నిధిని వాడేందుకు 1996లో టెక్నాలజీ అభివృద్ధి మండలి, అంటే టీడీబీ, ఏర్పడింది. అయితే అది ఎక్కువగా ఇచ్చేది అప్పే. ప్రాజెక్టు ఖర్చులో సగం దాకా, తక్కువ వడ్డీకి. గ్రాంటు అరుదు. సెస్సును 2017లో ఎత్తేశారు.

టీడీబీ తొలినాళ్లలో సాయం పొందిన సంస్థల్లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ ఒకటి. వరప్రసాదరెడ్డి 1993లో దాన్ని మొదలుపెట్టారు. అప్పుడు హెపటైటిస్–బి టీకా విదేశాల నుంచే వచ్చేది, ధర వందల రూపాయల్లో ఉండేది. ల్యాబు కట్టే డబ్బు లేక పని ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలై, సర్కారు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీ ఆవరణకు మారింది. జన్యుమార్పిడి టీకా అంటే ఏమిటో మన బ్యాంకులకు అప్పటికి తెలియదు. తొలి గట్టి పెట్టుబడి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ దగ్గర్నుంచి వచ్చింది. 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్–బి బజారులోకి వచ్చింది. తర్వాత ధర యాభై రూపాయల దాకా దిగింది. వరుస చూడండి. మొదట అప్పు తెచ్చుకున్న ప్రయోగశాల బల్ల, తర్వాత పరాయి దేశపు మంత్రి నమ్మకం. టీకా తయారవుతుందన్న ధైర్యం కుదిరాకే ఢిల్లీ అప్పు. సర్కారు సొమ్ము అవసరం తీర్చింది, నిజమే. కానీ అన్నిటికన్నా ప్రమాదం ఎక్కువున్న మొదటి మూడు నాలుగేళ్లలో అది అక్కడ లేదు.

అమెరికా ఈ సంగతి ముందే గమనించింది. 1982 చట్టం ప్రకారం పరిశోధనకు పెద్ద బడ్జెట్ ఉన్న ప్రతి ప్రభుత్వ శాఖా అందులో కొంత భాగం చిన్న కంపెనీలకు కేటాయించి తీరాలి. మొదట ఆలోచన సాధ్యమా కాదా చూసుకోవడానికి చిన్న మొత్తం, అది తేలితే పెద్ద మొత్తం. ఆ నమూనాను పోలిన పథకాన్ని మన బయోటెక్నాలజీ శాఖ 2005లో తెచ్చింది. 2012లో ఏర్పడిన ఆ శాఖ సంస్థ బైరాక్ దాన్ని ఇంకా ముందుకు జరిపి, ఆలోచన దశలో ఉన్నవాళ్లకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు ఇచ్చే పథకం తెచ్చింది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు ద్వారా ఆ డబ్బు మన దగ్గరికీ చేరింది. ఇన్ని పథకాల్లో నాకు ఎక్కువ నచ్చింది ఇదే. డబ్బు తిరిగి కట్టక్కర్లేదు, ప్రయోగం ఫలించకపోతే దోషమని రాయరు.

కోవిడ్ కాలంలో ఈ లెక్కలు తొలిసారి జనం నోళ్లలో పడ్డాయి. 2020 నవంబరులో కోవిడ్ సురక్షా మిషన్ పేరిట కేంద్రం 900 కోట్లు ప్రకటించింది. కోవాగ్జిన్ టీకా కోసం హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్‌తో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి పనిచేసింది. వైరస్‌ను పుణె జాతీయ వైరాలజీ సంస్థ ఇచ్చింది. మూడో దశ పరీక్షల మీద ఐసీఎంఆర్ పెట్టిన ఖర్చు 35 కోట్లని కేంద్రమే చెప్పింది. ఒప్పందం ప్రకారం అమ్మకాల మీద ఐసీఎంఆర్‌కు 5 శాతం రాయల్టీ. 2022 ఆరంభానికే అది 171 కోట్లు దాటింది. ప్రజల సొమ్ము కంపెనీ ప్రయోగంలో పెట్టినప్పుడు దానికి తిరుగు వాటా అడగడం తప్పు కాదని ఈ ఒక్క ఒప్పందం చూపించింది. మిగతా ఒప్పందాల షరతులు కూడా ఇలా బయట పెట్టాలి. పన్ను కట్టే మనిషికి ఆ హక్కుంది.

ఇప్పుడు మళ్లీ నల్లగొండకు వద్దాం.

పోచంపల్లి చీర నేసే ముందు, రంగు అద్దేందుకు నూలుకు ముడులు వేసే (చిటికీ కట్టే) ముందు, ఆసు పోయాలి. అంటే నూలును ఒక చట్రం మీద పరచాలి. ఒక చివర ఒకటే మేకు, రెండో చివర అర్ధచంద్రాకారంలో మేకుల వరుస. కుడిచేత్తో దారం పట్టుకుని ఆ మేకు నుంచి ఈ మేకుకు, ఈ మేకు నుంచి ఆ మేకుకు చేతిని ఆడిస్తూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు, నాలుగైదు గంటలు. రోజుకు రెండు చీరలైతే 18,000 సార్లు. ఈ పని ఇంటి ఆడవాళ్లది. భుజం పట్టేస్తుంది, మోచేయి లేవదు.

ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఈ పనే చేసేవారు. బడి మధ్యలో ఆపేసిన మల్లేశం 1992లో ఆసు యంత్రం మొదలుపెట్టారు. చట్రం తిరిగేది, దారం మేకుకు తగిలేది కాదు. ఒక్కో భాగం ఒక్కో అప్పు. ఊళ్లో వెక్కిరింతలు. చేతిలో డబ్బు అయిపోయాక హైదరాబాద్ వెళ్లి పని చేసుకుంటూ, మిగిలింది యంత్రానికి పెట్టారు. బాలానగర్‌లో ఒక యూనిట్‌లో పనికి వెళ్లినప్పుడు అక్కడి యంత్రం కదలికలో తనకు దొరకని చివరి ముడి విప్పుకున్నారు. 1999లో యంత్రం నడిచింది, తల్లి పేరు పెట్టారు. చీరకు గంటన్నర చాలు. తర్వాత అహ్మదాబాద్ జాతీయ నవకల్పనల సంస్థ ఆయనను ఆదుకుంది. మన దగ్గర ఇలాంటివాళ్లను వెతికి పట్టుకునే పని బ్రిగేడియర్ గణేశం పల్లెసృజన తరఫున చేస్తున్నారు. 2017లో మల్లేశానికి పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ మీద సినిమా వచ్చింది.

ఏడేళ్ల ప్రయోగానికి మాత్రం సర్కారు గ్రాంటు రాలేదు. మల్లేశం లాంటి వ్యక్తుల కోసం టెప్ అనే పథకం 1998లో ఢిల్లీలో మొదలైంది. యంత్రం తయారవుతున్న ఆఖరి ఏడు అది. కంపెనీ అక్కర్లేదు, ఒంటరి మనిషికైనా డబ్బిచ్చేవారు. కానీ దరఖాస్తు, ప్రాజెక్టు రిపోర్టు, ఖర్చుల అంచనా రాయాల్సి వచ్చేది, నిపుణుల కమిటీ ముందు నిలబడి చెప్పాల్సి వచ్చేది. డబ్బు విడతల్లో వచ్చేది. ముందు విడత ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం (యూసీ) పెడితేనే తర్వాతి విడత. పాత ఇనుము దుకాణంలో ఏరుకున్న గేరుకు బిల్లెక్కడిది? ఆసు యంత్రం లాంటి పనిలో సగం ఖర్చు అలాంటిదే. పెద్ద కంపెనీకి ఈ కాగితాల కోసం మనుషులుంటారు. పల్లె మెకానిక్కుకు అది ఇంకో యంత్రం చేసినంత పని.

ఈ లోటును కొంత పూడ్చింది 2016 నాటి ‘నిధి’ అనే కేంద్ర పథకం. అందులోని ప్రయాస్ కింద నమూనా చేయడానికే 10 లక్షల దాకా గ్రాంటు ఇస్తారు. 2022లో ఎంఎస్ఎంఈ శాఖ ఒక్కో ఆలోచనకు 15 లక్షల దాకా ప్రకటించింది. రాష్ట్రంలో 2015లో టీ–హబ్, 2017లో ఇన్నోవేషన్ సెల్ వచ్చాయి. జిల్లాల్లో ఇలాంటివాళ్లను ప్రదర్శనకు తెచ్చే ఇంటింటా ఇన్నోవేటర్ 2019లో మొదలైంది. 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ–వర్క్స్‌లో ఎవరైనా వెళ్లి నమూనా చేసుకోవచ్చు. కేతేపల్లి నుంచి రాయదుర్గం వంద కిలోమీటర్ల పైమాటే. ఒక గేరు కోయించుకోవడానికి ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోతాయి.

2025లో కేంద్రం పరిశోధన, అభివృద్ధి, నవకల్పనలకు లక్ష కోట్ల పథకం ఆమోదించింది. దేశం మొత్తం పరిశోధన ఖర్చు జీడీపీలో 0.64 శాతమే, అందులో ప్రైవేటు వాటా మూడో వంతుకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన ఇంత పెద్ద మొత్తం అవసరమే. కానీ ఇది ప్రధానంగా తక్కువ వడ్డీ దీర్ఘకాలిక అప్పు. తొమ్మిది మెట్ల టెక్నాలజీ కొలతలో నాలుగో మెట్టు ఎక్కినవాళ్లకే. ఆసు లెక్కన చెప్పాలంటే, దారం మేకుకు సరిగ్గా తగులుతోందని ల్యాబులో తేలిన తర్వాతి దశ. శాంతాకు 1993లో, శారాజీపేటకు 1992లో కావలసింది అంతకు ముందు మెట్టు మీద డబ్బు.

నల్లగొండలో పాలిటెక్నిక్ ఉంది, 2007 నుంచి మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం ఉంది, జిల్లా పరిశ్రమల కేంద్రం ఉంది. ఈ మూడింటిలో ఒకదానికి రెండు లక్షల లోపు గ్రాంటు అక్కడికక్కడే మంజూరు చేసే అధికారం ఇవ్వాలి. దరఖాస్తు తెలుగులో రెండు పేజీలు చాలు. మొదటి విడతకు బిల్లుల బదులు ఒక లెక్చరర్ వచ్చి చట్రం చూసి సంతకం పెడితే సరిపోవాలి. పని ఫలించకపోతే డబ్బు వాపసు అడగకూడదు, ఎక్కడ ఆగిందో రాసి తర్వాత వచ్చేవాళ్లకు అందుబాటులో ఉంచాలి. లక్ష కోట్ల పథకం నిబంధనల్లో ఇందుకు చోటు కల్పించమని మన ప్రజాప్రతినిధులు అడగవచ్చు.